తడిగుడ్డకి ఊడిన నీలం

మాస్టారు బస్‌స్టాప్ బెంచీ మీద కూర్చునే చనిపోయారు. చుట్టూ ఉన్నవాళ్లు కునుకు తీస్తున్నారనుకున్నారు. చివరికి ఒకావిడ "పెద్దాయనా, బస్సొచ్చింది" అని భుజం తట్టింది. మనిషి పక్కకి ఒరిగిపోయారు. కాలర్ వెనక విషపు సూది దిగి ఉంది. ఒళ్లో గడియారాలు బాగుచేసే సామాన్ల పెట్టె ఉంది.

ఆ గడియారాల మెకానిక్ వేషం సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే.

"ఒకరు పోయారు," అన్నాడు చీఫ్, ఆఫీసు కిటికీ తెర లాగేస్తూ. "రెండోవాణ్ణి నేను. నేను నా నీడకి కూడా చెప్పలేదు."

మూడోవాడు ఎదురు కుర్చీలో ఉన్నాడు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని పావురం అంటారు. చప్పుడు చెయ్యకుండా వాలి, కబురు పట్టుకుని ఎగిరిపోతాడని మాస్టారే పెట్టిన పేరు. పని నేర్పిందీ, రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లికి సాక్షి సంతకం పెట్టిందీ ఆయనే.

"ఇంట్లో చెప్పాను సార్," అన్నాడు పావురం. "మా ఆవిడ ఆయన్ని అన్నయ్యా అంటుంది. కనబడటం లేదని బెంగపెట్టుకుంటే, క్షేమంగానే ఉన్నాడు, గడియారాలు బాగుచేసుకుంటున్నాడు అన్నాను."

చీఫ్ కేకలేస్తే బాగుండేది. వెయ్యలేదు. "విదేశీ ముఠాలో మన మనిషి లిల్లీ కబురు పంపింది. లీక్ మీ ఇంట్లోంచేనట. మీ ఆవిడేనట."

"అబద్ధం."

"అదే రుజువు చెయ్యి. ఈ సాయంత్రం సైంటిస్టు గారింట్లో మిస్సైల్ కమిటీకి టీ పార్టీ ఉంది. ముఠా అక్కడ ఏదో చేస్తుంది. ఆ లోపు తేల్చకపోతే మీ ఆవిడ కోసం మనుషుల్ని పంపాలి. ఇది తీసుకో, డిటెక్టర్ పెన్. దగ్గర్లో మైక్ పనిచేస్తుంటే వణుకుతుంది."

ఇంటికి వెళ్లే దారిలో పావురం తనని తాను తిట్టుకున్నాడు. భార్యని అనుమానించడానికి కాదు, అనుమానం రానే వచ్చేసినందుకు.

భార్యకి ఒకటే పిచ్చి. ఇంప్రెషనిస్టు బొమ్మల్ని పింగాణీ మీదికి దించిన సామాను కొని పోగెయ్యడం. హాల్లో ఎటు చూసినా అవే. గోడకి గసగసాల పూల పొలం ప్లేట్లు, మూల వానలో తడిసిన వీధి గీసిన లాంపు, అల్మరా నిండా కలువల కొలను వాజ్‌లు. అతను ముక్కు ఆనించి చూసి "ఇవి బొమ్మలా, బ్రష్ విదిలించిన చుక్కలా" అని ఏడిపిస్తాడు. "నాలుగడుగులు వెనక్కెళ్లి చూడండి" అంటుంది ఆమె. అన్నీ లిల్లీ మేడమ్ షోరూమ్‌లో కొన్నవే. లిల్లీ మన మనిషే కదా అని పావురమే నిశ్చింతగా వెళ్లనిచ్చాడు.

"అన్నయ్య పోయాడు," అన్నాడు తలుపు దగ్గర నిలబడే. "చంపేశారు."

చెప్పి, ఆమె మొహం చూశాడు. భర్తలా కాదు, ఏజెంట్‌లా. కళ్లు ముందు తడిశాయా, పెదవి ముందు వణికిందా అని గమనించాడు. ఆమె గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. ఏడుపు చాలాసేపటికి గాని బయటికి రాలేదు.

"ఆయన గడియారాల పని గురించి ఎవరికైనా చెప్పావా?"

"ఎవరికి చెబుతాను?" అంది. అతని చూపు అప్పటికి అర్థమైనట్టుంది. "నన్నా అడుగుతున్నారు?"

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. దుఃఖం వచ్చినా కోపం వచ్చినా ఆమె చేతులు ఊరుకోవు. తడిగుడ్డ తీసుకుని అల్మరాలో వాజ్‌లు తుడవడం మొదలుపెట్టింది. తెల్ల గుడ్డకి నీలం అంటింది.

"ఇదిగో, మొన్ననే చెప్పాను రంగు ఊడుతోందని. మీరు పేపర్లోంచి తలెత్తకుండా ఊఁ అన్నారు," అంది, ఏడుపు గొంతుతోనే. "లిమిటెడ్ ఎడిషన్ అని మేడమ్ ప్రత్యేకంగా ఇచ్చింది. బట్టీలో కాల్చనేలేదు. కాల్చిన రంగు నీళ్లకి ఊడదు."

బట్టీలో కాల్చలేదు. ఎందుకు కాల్చలేదు? లోపల కాలిపోయేదేదో ఉండబట్టి.

పావురం పెన్ తీసి వాజ్ దగ్గర పెట్టాడు. పెన్ చలిజ్వరం వచ్చినట్టు వణికింది.

అతను పెదవుల మీద వేలు పెట్టాడు. ఆమె పెన్ వైపు, వాజ్ వైపు చూసింది. మొహం పాలిపోయింది కాని మాట తడబడలేదు. "రేపు వెళ్లి మార్చుకొస్తాలెండి," అంది మామూలుగా, వాజ్‌కి వినబడేలా.

బాత్‌రూమ్‌లో కొళాయి తిప్పి, లిల్లీ నిజానికి ముఠా మనిషేనని గుసగుసగా చెప్పి, ప్లాన్ వివరించాడు. ఇద్దరూ వాజ్ ముందు పోట్లాడుకోవాలి. తన ఉద్యోగం పోయిందని లిల్లీ నమ్మాలి. అప్పుడే ఆమె సాయంత్రం పార్టీకి ధీమాగా వస్తుంది. హాల్లోకి తిరిగొచ్చారు.

"నీ వల్ల నన్ను సస్పెండ్ చేశారు," అని అరిచాడు పావురం. "సాయంత్రం డ్యూటీ కూడా లాగేసుకున్నారు."

"నా వల్లా? నేనేం చేశాను?"

"చాలు నీ నాటకాలు."

అక్కడితో ఆమె తలుపు వేసుకుని లోపలికి వెళ్లాలి. వెళ్లలేదు.

"నాటకం నాదా?" అంది. గొంతు తగ్గింది. "ఇన్నేళ్ల కాపురంలో నన్నొక్కసారైనా పూర్తిగా చూశారా? దగ్గర కూర్చుని చుక్కలు లెక్కపెడతారు, అంతే. అన్నయ్య పోయాడని చెప్పి, ఏడుస్తానా లేదా అని చూశారు. అది మర్చిపోను."

ఇది ప్లాన్‌లో లేదు. ఆమె తలుపు వేసిన చప్పుడుకి ప్లేట్లు గలగలలాడాయి. వాజ్ అన్నీ వింది.

సాయంత్రం సైంటిస్టు గారింట్లో ఒక ముసలి వెయిటర్ భుజాన తడి టవల్ వేసుకుని బల్లలు తుడుస్తున్నాడు. మీసం నెరిసింది, బుగ్గలు కమిలాయి. అంతా మేకప్పే. పియానో దగ్గర నిలబడ్డ పాటగాడు చీఫ్.

లిల్లీ మేడమ్ లేత ఆకుపచ్చ పట్టు గౌనులో కొలను మీద గాలిలా తిరుగుతోంది. ఇంటాయనకి ఆమె కానుక ఒక సెట్టు కలువల వాజ్‌లు. ప్రతి బల్ల మీదా ఒకటుంది. పెన్ దేని దగ్గరా కదల్లేదు. ఈసారి లోపలున్నది వినేది కాదన్నమాట. పావురం టవల్‌తో ఒక్కొక్కటే తుడుచుకుంటూ పోయాడు. టవల్ తెల్లగానే ఉంది.

"నాకు తలనొప్పిగా ఉంది, వెళ్లొస్తాను," అంటోంది లిల్లీ, గోడ గడియారం చూసుకుని.

కమిటీ కూర్చున్న పెద్ద బల్ల మీద ఆఖరి వాజ్. వెయిటర్ దానిమీద చెయ్యి వేశాడు.

"బాబూ, అది ముట్టుకోకు. ఖరీదైంది," అంది లిల్లీ.

టవల్ నీలమైంది.

"రంగు ఊడుతోంది మేడమ్," అన్నాడు పావురం తన సొంత గొంతుతో. తర్వాత మణికట్టు మైక్‌లో కోడ్ పలికాడు. "కలువలు ముడుచుకున్నాయి."

లిల్లీ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లో పిస్టల్‌ని అందుకునేలోపే పాటగాడు ఆ చెయ్యి మెలిపెట్టాడు. పావురం వాజ్‌ని గుండెకి హత్తుకుని బాల్కనీకి పరిగెత్తాడు. లోపల టిక్కుటిక్కు తన గుండెదో గడియారానిదో తెలియలేదు. కింద ఈత కొలనులోకి విసిరి నేలకి అంటుకున్నాడు. మరుక్షణం కొలనంతా పైకి లేచింది. కమిటీ మొత్తం తడిసి ముద్దయింది. ప్రాణాలతోనే తడిసింది.

"ఇంత చేసినదానివి, రంగు బట్టీలో కాల్చలేకపోయావా?" అన్నాడు చీఫ్ సంకెళ్లు వేస్తూ.

"కాలిస్తే షోరూమే పేలిపోయేది," అంది లిల్లీ విసుగ్గా. "అయినా షోకేసులో పెట్టుకునేదాన్ని తడిగుడ్డతో తుడిచేది పావురం పెళ్లాం తప్ప ఇంకెవరు?"

వేషం తీసే ఓపిక లేక పావురం అలాగే ఇంటికొచ్చాడు. భార్య అల్మరా ముందు కూర్చుని ఉంది. ప్రతి వాజూ తుడిచి చూసింది కాబోలు, రంగు నిలిచినవి తిరిగి అరల్లోకి చేరాయి. మాస్టారి పాత ఫొటో ఒకటి వాటి మధ్యకి వచ్చింది.

"అంతా ఆగింది," అన్నాడు. "నీ గుడ్డ వల్లే."

ఆమె తలూపింది.

"పొద్దున అన్నవి... నటనేనా?"

ఆమె లేచి వచ్చి, చేతిలోని తడిగుడ్డతో బుగ్గ మీద ఒక్కసారి గట్టిగా తుడిచింది. గుడ్డ తిప్పి అతనికి చూపించింది.

"మీదీ ఊడుతోంది," అంది. "ఇంకెన్ని పూతలున్నాయో చూడాలి. కూర్చోండి."

మిస్సైల్ కమిటీని కాపాడిన ఏజెంట్ నోరెత్తకుండా కూర్చుని మొహం అప్పగించాడు.