చినుకు పడితే ఆగే స్కూటర్

"మళ్ళీ మీరేనా?" అనేసి స్కూటర్ షోరూం సర్వీస్ అడ్వైజర్ నాలుక కరుచుకున్నాడు.

"నేనే! మీ మీద బెంగపెట్టుకుని రాలేదు లెండి," అంది ఇళ్ళకెళ్ళి ఇంజక్షన్లు చేసే నర్సు. నిలువునా తడిసి ముద్దయింది. "చినుకు పడితే చాలు, నడిరోడ్డు మీద ఆగిపోతుంది. కాసేపు ఆరితే మళ్ళీ మామూలే. పాపం ఇవాళ ఓ పెద్దాయన, ఇన్సులిన్ కోసం అన్నం ముందు పెట్టుకుని కూర్చున్నాడు."

ఆమె వచ్చిందంటే అతని కాళ్ళు నేలమీద నిలవవు. కానీ చెప్పాల్సిన మాట తలుచుకుంటేనే ప్రాణం ఉసూరుమంటుంది. ఈ మోడల్ బండ్లన్నిటికీ ఇదే జబ్బని కంపెనీకి తెలుసు. సీటు కింద వైర్ల మూతలోకి నీళ్ళు దిగుతాయి. అయినా పైవాళ్ళు నేర్పిన పాఠం ఒక్కటే.

"టెస్ట్ చేశామండీ. ప్రాబ్లం కనిపించలేదు. వారంటీ రాదు."

కనిపిస్తే కదా! బండి రాగానే కడిగి, గాలికొట్టి ఆరబెట్టి, అప్పుడు టెస్ట్ చేస్తారు అక్కడ. ఎలా టెస్ట్ చేశారని ఆమె గుచ్చి అడిగేసరికి ఆ సంగతి చెప్పేశాడు.

"ఆరబెట్టి చూస్తారా? జ్వరం తగ్గాక థర్మామీటర్ పెట్టినట్టుంది!"

అతనికి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. "పదండి, వానలోనే చూద్దాం."

అతను నడిపాడు, ఆమె వెనక కూర్చుంది. వీధి మలుపులోనే స్కూటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఇద్దరూ ఓ దుకాణం చూరు కిందికి పరుగెత్తారు.

"ఇప్పుడు నమ్ముతారా?"

"మొదటిసారే నమ్మాను. చెప్పే ధైర్యం లేకపోయింది."

ఆమె మొహంలో నవ్వు మాయమైంది. "తెలిసే తిప్పారా? ఆ పెద్దాయనకి ఏమన్నా అయ్యుంటే?"

అతని మనసు చివుక్కుమంది. అక్కడికక్కడే కంపెనీ ఇంజనీరుకి ఫోన్ కలిపాడు.

"సార్, తప్పు మనదే. ఆ మూతలు వారంటీలో మార్చాల్సిందే. లేదంటే వానపడ్డప్పుడల్లా ఓ బండి తీసుకెళ్తా, ఆగిన చోటల్లా మీకు ఫోన్ చేస్తా."

"ఉద్యోగం మీద ఆశ లేదా?"

"ఉంది సార్. ఈమె ముందు తలెత్తుకుని చేద్దామనే."

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. "సరేలేవయ్యా బాబూ! అన్ని బండ్లకీ కొత్త మూతలు పంపిస్తా, ఫోన్ పెట్టెయ్!"

"ఇన్నాళ్ళకి నోరు పెగిలిందన్నమాట," అంటూ ఆమె తన చేతిరుమాలు అందించింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

మూత మార్చాక చాన్నాళ్ళు ఆమె జాడ లేదు. మళ్ళీ వాన పట్టుకున్న సాయంత్రం కౌంటర్ ముందు ప్రత్యక్షమైంది.

"అయ్యో, ఆగిందా?"

"ఆగట్లేదు. అదే కంప్లైంట్."

అతనికి గుండె ఆగినంత పనైంది. "నాకు మీరంటే చాలా ఇష్టమండీ," అనేశాడు, పక్కన కస్టమర్లున్నారని కూడా చూసుకోకుండా.

"టెస్ట్ చేయాలి మరి. వానలోనే."

ఈసారి ఆమె నడిపింది. స్కూటర్ మలుపు దాకా బుద్ధిగా పరుగెత్తింది. ఆ చూరు దగ్గర ఆమే బ్రేక్ వేసింది.