మెట్ల కింద సర్వర్‌లో పెద్దాయన

ఆ మెట్ల కింద గదికి ఎప్పట్నుంచో మంచి పేరు లేదు. పగలు చూస్తే ఏముంటుంది... ఒక పాత ఏసీ, ఒక స్టూలు, ఇనప రాక్‌లో ఒక సర్వర్. అంతే. ఆ ఒక్క సర్వర్ మీదే నలభై ఒక్క వెబ్‌సైట్లు కాపురం చేస్తున్నాయి. చెప్పుల కొట్టు, డ్రైవింగ్ స్కూలు, పళ్ళ డాక్టరు, ఇద్దరు లాయర్లు. ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆ లాయర్లు కూడా అందులో పక్కపక్కనే ఉన్నారు.

కానీ రాత్రయితే... ఎవరి సైటో తెరవబోతే ఇంకెవరో ముసలాయన వస్తాడట. నవ్వడు, కోప్పడడు. తిన్నగా కళ్ళలోకి చూస్తాడట.

అంతకుముందు అక్కడ పనిచేసిన టెక్నీషియన్ ఒక రాత్రి, అప్పుడే కొత్తగా ఎక్కించిన చెప్పుల కొట్టు సైటు తెరవబోయి ఆయన్ని చూశాడు. చూసి, తన చెప్పులు గుమ్మంలోనే వదిలేసి వట్టికాళ్ళతో ఇంటికి పరిగెత్తాడు. మర్నాడు వాటికోసమైనా రాలేదు. నేను విన్నది విన్నట్టే చెబుతున్నాను, ఒక్క ముక్క కలపడం లేదు. కలిపినా చాలా తక్కువ.

ఆ సర్వర్ ఆ ఇంటావిడది. మేడ మీద కాపురం, మెట్ల కింద వ్యాపారం. ఆవిడకో ఆడపడుచు ఉంది. ఏం చెప్పినా "ఇందులో లాజిక్ ఏముంది?" అని అడగడం చిన్నప్పట్నుంచీ అలవాటు, అందుకని ఇంట్లో అందరూ ఆమెను లాజిక్కు అనే పిలుస్తారు. దెయ్యం సంగతి విని లాజిక్కు పడీ పడీ నవ్వింది.

"నలభై ఒక్కమందిని మోస్తోంది వదినా ఆ మిషను. దెయ్యానికి చోటెక్కడుంది అందులో?"

"సర్దుకుంటాడులే," అంది వదిన. "మనిషి మంచివాడు."

ఈ లాజిక్కు నెల కిందటే ఉద్యోగానికో దణ్ణం పెట్టేసి, ఇకనుంచి సైట్లు సొంతంగా చేస్తానని ఇంటికొచ్చి కూర్చుంది. నెలంతా ఈగలు తోలుకున్నాక మొదటి బేరం తగిలింది — ఒక కాన్పుల ఆసుపత్రి. అక్కడి డాక్టరమ్మ నిక్కచ్చి మనిషి. "పొద్దున ఎనిమిదికి సైటు తెరుచుకోవాలి. తెరుచుకుందా, మా మిగతా రెండు ఆసుపత్రుల పనీ నీదే. లేదా, ఇంకొకర్ని చూసుకుంటాను" అని తేల్చి చెప్పేసింది. ఇదీ పోతే ఒకటో తారీఖున వెళ్ళి పాత ఆఫీసులో చేరమని అన్నయ్య అన్నాడు. ఎలాగూ తిరిగొస్తుందని అక్కడి మేనేజరు ఆమె కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంచాడట. ఆ మాట గుర్తొస్తే చాలు, లాజిక్కుకి ఒళ్ళు మండిపోతుంది.

కొత్త సైటు ఎక్కించేది రాత్రిపూటే, మిగతా సైట్లకి జనం తాకిడి తగ్గాక. పన్నెండున్నరకి ఇల్లంతా సద్దుమణిగింది. లాజిక్కు హాల్లో సోఫా మీద కూర్చుని పనంతా పూర్తిచేసింది. ఫైళ్ళు పెట్టింది. సర్వర్‌లో ఉండే సైట్ల జాబితాలో ఆసుపత్రి పేరు రాసింది. ఒళ్ళు విరుచుకుని, ఆ పేరు కొట్టింది.

పేజీ తెరుచుకుంది...

గులాబీ రంగు లేదు. బోసినవ్వుల పసిపాప లేదు. నలుపు తెలుపు ఫోటోలో ఒక ముసలాయన. లావుపాటి కళ్ళద్దాలు. ఆ కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. కింద పెద్ద అక్షరాలతో —

"వచ్చావా? కూర్చో."

కూర్చునే ఉన్న లాజిక్కు దిగ్గున లేచి నిలబడింది.

మళ్ళీ కొట్టింది. ఆయనే. ఫోన్‌లో చూసింది. ఫోన్‌లోనూ ఆయనే. వేలితో పేజీ కిందికి జరిపితే రెండు తారీఖులు కనిపించాయి. ఒకటి పుట్టినది. రెండోది... ఎనిమిదేళ్ళ కిందటిది.

నెలలు నిండిన ఆడవాళ్ళు పొద్దున్నే లేచి ఇది చూస్తే ఇంకేమైనా ఉందా! అన్నయ్య గానీ ఆట పట్టిస్తున్నాడేమోనని గదిలోకి తొంగి చూసింది. గుర్రు పెడుతున్నాడు. అది నటనకి లొంగే గురక కాదు.

ఇక కిందికి దిగక తప్పలేదు. పద్నాలుగు మెట్లు, పగలు పాట పాడుకుంటూ దిగేవే. ఫోన్ వెలుగులో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ దిగింది... తలుపు తోస్తే కిర్రుమంది. లోపల ఏసీ గరగరమంటోంది. చీకట్లో పచ్చ దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి.

స్టూలు మీద కూర్చుని, స్క్రీను వేసి, ఈసారి నేరుగా సర్వర్‌నే అడిగింది. డ్రైవింగ్ స్కూలు — వచ్చింది. లాయర్లు — ఇద్దరూ వచ్చారు. ఆసుపత్రి — ముసలాయన. లోకంలో ఎవరూ పెట్టుకోని పేరొకటి కొట్టింది. ముసలాయన. ఆఖరికి... తన పేరే కొట్టింది.

"వచ్చావా? కూర్చో."

వెనక గచ్చు మీద అడుగుల చప్పుడు... దగ్గరికి... ఇంకా దగ్గరికి... భుజం మీద మంచులాంటి చెయ్యి పడింది.

"పేరు పెట్టి పిలిచావా?" — చెవిలో ఎవరో గుసగుసలాడారు.

వదిన. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళ సీసా ఇంకో చేతికి మార్చుకుంది.

"ఇందులో లాజిక్ ఏముందో నేను చెప్పనా?" అంది వదిన, నవ్వు దాచుకునే ప్రయత్నమేమీ చేయకుండా. "ఈ ఇంట్లో నలభై ఒక్క కాపురాలు. వీధి తలుపు ఒక్కటే. తలుపు కొట్టినవాడు ఏ పేరు చెబితే ఆ గదికి పంపిస్తుంది మిషను. ఆ పేరుగలవాళ్ళు లోపల లేరనుకో... మొదటి గదిలో ఉన్నవాడొచ్చి తలుపు తీస్తాడు. మన జాబితాలో మొదటి పేరు ఈయనది."

"కానీ నేను ఆసుపత్రి పేరు రాశానుగా."

"రాశావు. మిషను చేత జాబితా మళ్ళీ చదివించావా?"

లాజిక్కు కీబోర్డు దగ్గరికి లాక్కుని ఒక్క లైను కొట్టింది. మళ్ళీ ఆసుపత్రిని పిలిస్తే, గులాబీ రంగు పేజీలో బోసినవ్వుల పసిపాప ప్రత్యక్షమైంది. గంటసేపు పడ్డ హడలంతా ఒక్క లైనుకి తీరిపోయింది.

"మరి గుమ్మంలో ఒక ఖాళీ పేజీ పెట్టేస్తే పోయేదిగా వదినా? ఎవరూ జడుసుకోకుండా..."

వదిన నీళ్ళ సీసా స్క్రీను పక్కన పెట్టింది. "ఆయన వాచీలు బాగుచేసేవాడు. ఆయన పోయిన నెలకి వాళ్ళావిడ, మామ్మగారు, వచ్చి ఈ సైటు పెట్టించుకుంది. నాకు మొదటి బేరం ఆవిడదే. ప్రతి సోమవారం ఫోన్ చేసి ఈ వారం ఎంతమంది వచ్చారని అడుగుతుంది. నలభై అనో యాభై అనో చెబుతాను. అందరూ దారి తప్పినవాళ్ళే. మూతపడ్డ కొట్ల పేర్లు కొట్టి వచ్చేవాళ్ళు."

"పాపం, ఆవిడకి ఆ సంగతి తెలీదా?"

"చెప్పాను. 'కొట్టుకీ అంతేనమ్మా, సగంమంది అడ్రసు అడగడానికి వచ్చేవాళ్ళే. వాళ్ళనీ కూర్చోమనేవారు' అంది."

లాజిక్కు కళ్ళు తుడుచుకుంది. ఏసీ గాలి పడటంలేదని చెప్పింది. వదిన నమ్మినట్టే తలూపింది.

సరిగ్గా ఎనిమిదికి డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"రాత్రి కాన్పు చేసొచ్చి, ఒకసారి చూద్దామని సైటు తెరిచాను. అందులో ఎవరో పెద్దాయన ఉన్నాడు."

లాజిక్కుకి పాత ఆఫీసు కుర్చీ కళ్ళముందు కనబడింది. "డాక్టర్‌గారూ, అదీ..."

"పొద్దున చూస్తే లేడు. ఎందుకు తీసేశావు?"

లాజిక్కు సరిగ్గా విన్నానో లేదోనని ఫోన్ ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకుంది.

"మా దగ్గరికి నొప్పులతో వస్తారు, భయంతో వస్తారు. ఒక్కరైనా కూర్చోమనరని రోజూ గొడవే. రాత్రి ఆ మాట చూసి నేనే కూలబడ్డాను, నిన్న పొద్దున్నించీ నిలబడే ఉన్నాను మరి. ఆయన్ని మళ్ళీ పెట్టు. మిగతా రెండు సైట్లలోనూ పెట్టు."

"ఆయన... ఇప్పుడు లేరండీ."

"అయితే ఏం? ఉన్నవాళ్ళెవరూ ఆ మాట అనట్లేదుగా."

ఇంకో మనిషి ఫోటో అడక్కుండా ఎలా పెడతారు? వదిన మామ్మగారికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టింది. ఇద్దరూ సంగతంతా చెప్పారు.

"ఆసుపత్రా?" అంది మామ్మగారు. "ఆయనకి ఆ మందుల వాసన పడదమ్మా... ఉండండి. ఒక్కమాట అడిగి చెబుతాను."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగులు లోపలి గదివైపు వెళ్ళాయి. ఆవిడ గొంతు సన్నగా వినిపించింది. తర్వాత నిశ్శబ్దం... ఒక మనిషి ఆలోచించుకుని జవాబు చెప్పేంతసేపు. అడుగులు మళ్ళీ వెనక్కి వచ్చాయి.

"సరేనన్నారమ్మా. ఆదివారాలు మాత్రం రారట. కొట్టుకి సెలవు కదా."

వదినా మరదళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అలాగే మామ్మగారూ," అంది లాజిక్కు. "ఆదివారాలు కనబడకుండా రాసేస్తాను." ఎంత పని, నాలుగు లైన్లు.

ఇప్పుడు మూడు ఆసుపత్రుల సైట్లలోనూ పెద్దాయన ఉన్నాడు. పాత ఆఫీసులో ఆ కుర్చీ ఇంకెవరికో ఇచ్చేశారు. వారంలో ఆరు రోజులు ఆయన వచ్చినవాళ్ళందర్నీ కూర్చోమంటాడు. ఆదివారం తెరిస్తే మాత్రం పసిపాప ఒక్కతే కనిపిస్తుంది. పని శుభ్రంగా చేశావని డాక్టరమ్మ మెచ్చుకుంది కూడా.

మొన్నొక రోజు వదిన అడిగింది — ఆ ఆదివారం సంగతి ఎలా రాశావో ఒకసారి చూపించవే, అని.

లాజిక్కు స్క్రీను వంక చూసింది. తర్వాత మెల్లగా అంది.

"అదీ... నేనింకా రాయలేదు వదినా."