బుధవారం పదకొండు గంటలకు

ఇడ్లీ తిని, సత్తిరాజు అరుగు మీద పేపరు తిరగేస్తున్నాడు. పదకొండయ్యేసరికి చెరువు వైపు నుంచి ఏరేటర్ల హోరు వినిపించింది. చేపలకు గాలి చాలదని తెల్లవారుజామున తిప్పే మోటార్లు అవి. ఇంత ఎండలో వాటితో పనేముంది? పోయిన బుధవారం కూడా ఇదే వేళకు విన్నట్టు గుర్తొచ్చి, చెప్పులు వేసుకుని గట్టెక్కాడు.

షెడ్డులో కొడుకు ప్రదీప్ మేత బస్తాల మీద కూర్చుని ఫోన్లో ఎవరో ఆవిడతో మాట్లాడుతున్నాడు. తన మాట బయటికి పోకూడదనే ఆ మోటార్లు వేశాడు.

"నిన్న కూడా గట్టు చివర చాలాసేపు నిలబడ్డానండీ. నేను లేకపోతేనే వీళ్ళకి నయమేమో అనిపించిందండీ."

సత్తిరాజు ఆ మాట విన్నాడు. విని, విననట్టే మనసులో పక్కకు తోసేశాడు. ఇంటి సంగతి పరాయి మనిషి చెవిన పడుతోందన్న కోపమే మిగిలింది. ఫోన్ లాక్కుని కట్ చేశాడు.

ప్రదీప్ తలొంచుకుని చెప్పాడు. ఆరు నెలలుగా నిద్ర లేదట, ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుందట. ఆవిడ ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ చేస్తారట, వారానికొకసారి.

కొల్లేటి చుట్టుపక్కల చెరువులో చేప చచ్చి తేలితే గుట్టుగా ఏరి పూడ్చేస్తారు. ఎవరడిగినా చెరువు బ్రహ్మాండంగా ఉందంటారు. రోగమని పొక్కితే వ్యాపారి మొహం చాటేస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఆ అబద్ధం ఆడీ ఆడీ, సత్తిరాజుకి అదే మర్యాదగా స్థిరపడిపోయింది.

"ఇలాంటివి బయట చెప్పుకుంటే మనిషికి విలువుండదురా," అన్నాడు.

"అలాగే నాన్నా," అని ప్రదీప్ మోటార్లు ఆపేశాడు.

రెండు బుధవారాలు చప్పుడు లేకుండా గడిచాయి. ప్రదీప్ వేళకు తింటున్నాడు, పలకరిస్తే నవ్వుతున్నాడు. కుదుటపడ్డాడని సత్తిరాజు సంబరపడ్డాడు. ఆ నెమ్మదిలో ఏదో తేడా ఉందని లోపల తెలుస్తూనే ఉంది. తెలుస్తున్నకొద్దీ మరింత సంబరపడ్డాడు.

మూడో బుధవారం కోడలు లక్ష్మీదుర్గ కాఫీ ఇచ్చి, వెళ్ళకుండా నిలబడింది. పెంటపాడు వరి రైతుల ఇంటి పిల్ల. చేపల సంగతి ఎరగదు.

"మావయ్యగారూ, ఈయన నాకు చెరువు పనంతా నేర్పుతున్నారండీ. ఏ చెరువుకి ఎంత మేత, ఏలూరులో ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ నా చేత నోట్‌బుక్‌లో రాయించారు. మీరున్నారుగా అంటే నవ్వి ఊరుకున్నారండీ."

"పెంటపాడు పిల్లకి చేపలు వంటబట్టాలంటే రెండేళ్ళు పడుతుందమ్మా. వాడికెందుకంట అంత తొందర?" అని నవ్వబోయాడు.

తొందర అన్న మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. నోట్‌బుక్ తెమ్మన్నాడు. వచ్చే వేసవిలో చేపలు పట్టించేదాకా అన్ని పనులూ వరసగా ఉన్నాయి. ఇది దుర్గ చెయ్యాలి, ఇది నాన్న చెయ్యాలి. ప్రదీప్ చెయ్యాల్సిన పని ఒక్కటీ లేదు.

"వాడేడమ్మా?"

"గట్టు మీదికెళ్ళారండీ. ఫోన్ ఇక్కడే వదిలేశారు."

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. ఫోన్ పట్టుకుని వెనకే కోడలు. గట్టు చివర ప్రదీప్ నీళ్ళకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు. ఎవరొచ్చారో కూడా తిరిగి చూడలేదు. సత్తిరాజు అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఆ కౌన్సెలింగ్ ఆవిడకి ఫోన్ చెయ్యరా."

"వద్దు నాన్నా. బాగానే ఉన్నాను."

సత్తిరాజు సైగ చేస్తే లక్ష్మీదుర్గే ఆవిడ నంబరు వెతికి, ఫోన్ కలిపి ఆయన చేతిలో పెట్టింది. అవతల ఆడగొంతు పలికింది.

"నేను ప్రదీప్ నాన్ననండీ. ఆ రోజు ఫోన్ కట్ చేసింది నేనే. మా అబ్బాయికి బాగాలేదండీ."

ఆ మాటకు ప్రదీప్ మోకాళ్ళ మీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. పట్టిన చెయ్యి వదలకుండా తండ్రి కూడా పక్కనే బురదలో చతికిలబడ్డాడు.

"మీరు ఇప్పుడు ఆయన దగ్గరే ఉన్నారా అండీ?" అడిగిందావిడ.

"పట్టుకునే ఉన్నానండీ," అన్నాడు సత్తిరాజు.