దూపగుట్ట మీద సల్లగాలి

నకిరేకల్ నుంచి చౌటుప్పల్ పోయే తొవ్వల దూపగుట్ట అని ఒక ఎక్కుడుంది. పొద్దు గూకినంక అక్కడ ఎవరూ ఆగరు. రోడ్డు వేసేనాడు కంకర కొట్టే కూలామె ఒకామె ఆ ఎక్కుడు మీద, రోడ్డు కింద వాననీళ్లు పోయే మోరీ పక్కన దూపకు నోరెండి చచ్చిపోయిందట. అప్పటి నుంచి... అటు పోయే సల్లటిది ఏదైనా సరే, దాని సల్లదనం ఆమె తాగుతదట. కుండల నీళ్లు వెచ్చనైతయి. పొట్టుల కప్పిన ఐసుగడ్డ సంచిలనే నీరైపోతది.

ఇదంతా మా మేనమామ ఐలేశం చెప్పంగ విన్నదే. ఆయన చీరల వ్యాపారి వెంకటరాజం సేటు దగ్గర డ్రైవరు.

అరవై నాలుగు ఎండాకాలంల సేటు పట్నంల ఒక పాత విలాయతి కారు కొన్నడు. దాంట్ల సల్లగాలి మిషిను ఉండె. మా దిక్కు అట్లాంటిది ఎవరూ చూడలే. అద్దాలు ఎక్కించి కూసుంటే ఎర్రటి ఎండల గూడ ఒళ్లు జలదరించేదట.

ఒకనాడు దీపాలు పెట్టేయాళ, బండి నిండ చీరల మూటలతోని దూపగుట్ట ఎక్కుతున్నరు. గాలి జర మందగించింది. గుట్ట దిగినంక మళ్ల సల్లబడ్డది.

"సేటూ... ఆమె తాగింది" అన్నడు మామ, చెవుల చెప్పినట్టు.

సేటు నవ్వలే. తెల్లారి మంత్రగాడిని పిలిపించిండు. ఆయన కారు చుట్టూ తిరిగి, ముందరి జాలీ మీద చెయ్యి పెట్టి, "గీ నోట్లకెల్లే జొర్రుతాంది" అన్నడు. నల్లగొంగడి ముక్కల నిమ్మకాయలు, వేపమండలు మూటగట్టి ఆ జాలీ వెనక కట్టిచ్చిండు.

మల్లొకసారి గుట్ట ఎక్కితే గాలి ఇంకా తగ్గింది. ఇంకో మూట కట్టిన్రు. ఇంకా తగ్గింది... ఇంజను గూడ ఉడికి ఆవిర్లు కక్కవట్టింది.

పట్నంల మెకానిక్కుకు చూపించిన్రు. ఆయన గ్యాసు చూసిండు, బెల్టు బిగించిండు. గాలి మంచు తీరుగ వచ్చింది. "బండికేం రోగం లేదు మియా, రోగం నీకే" అన్నడు మామతోని. మూటల సంగతి మామ ఆయనకు చెప్పలే. పట్నపోళ్లు నవ్వుతరని చౌటుప్పల్ దగ్గరనే వాటిని ఇప్పి డిక్కీల దాచేటోడు. తిరిగొచ్చేటప్పుడు మళ్ల కట్టేటోడు.

గుట్ట ఎక్కంగనే... మళ్ల అదే సెగ.

అప్పటికి సేటు భార్య పుష్పమ్మకు నెలలు నిండినయి. దవాఖానకు తీస్కపోతుంటే ఎక్కుడు మీద కారు కొలిమైంది. ఆమె సొమ్మసిల్లింది. గుట్ట కింద గుడిసెల ఒంటిగ ఉండే ముసలామె ఈదమ్మ ఇత్తడి చెంబుతోని ఉరికొచ్చి మొకాన నీళ్లు కొట్టింది. పుష్పమ్మ లేచి కూసున్నది.

ఆ చెంబే ఈదమ్మ కొంప ముంచింది.

ఎందుకంటే రోజూ చీకటి పడంగనే అదే చెంబుతోని మోరీ రాయి మీద ఆమె నీళ్లు పెడతది. చచ్చిపోయినామె, ఈదమ్మ ఒక్క జట్టున కంకర కొట్టినోళ్లు. ఊరంత గుసగుసలు మొదలైనయి. దయ్యాన్ని నీళ్లు పోసి సాదుతాంది... బాణామతి చేస్తాంది... గుడిసె పీకి తరిమెయ్యాలె అన్నరు. అబద్ధమెందుకు, నాకూ అనుమానమే ఉండె.

"ఆమెను కారుల కూసోపెట్టి గుట్ట ఎక్కిద్దాం" అన్నడు సేటు. "గాలి సచ్చిందంటే గుడిసె పీకుడే."

మంత్రగాడు తల ఊపిండు. "గట్లయితే మూటలు తీసెయ్యున్రి. అవి ఉంటే ఆమె మంత్రం సగమే పారుతది. అవి లేకుంటనే దొరుకుతది."

మామ ఒక్కొక్కటే ఇప్పి డిక్కీల పడేసిండు.

పొద్దు గూకింది. ఈదమ్మ వెనక సీట్ల ముడుచుకొని కూసున్నది. ఒడిల చెంబు, దాని మూతికి బిగిచ్చి కట్టిన గుడ్డ.

"ఏందవ్వా గది?" అని అడిగిండు మామ.

"నీళ్లు కొడుకా. యాళయింది గద... ఆమె చూస్తుంటది."

పక్కనున్న మంత్రగాడు తలుపు దిక్కు జరిగిండు.

బండి ఎక్కుడు పట్టింది. మోరీ వచ్చింది... దాటింది. గాలి — సల్లగనే ఉన్నది. గుట్ట కొసకు పోయినా సల్లగనే ఉన్నది.

"సేటూ, గా మిషిను జర ఆపరాదూ" అన్నది ఈదమ్మ. "సలికి మోకాళ్లు గుంజుతున్నయి."

"లోపల కూసున్నది గద, కావాల్నని ఆపుకున్నది" అన్నడు మంత్రగాడు.

మామ బండి మలిపి గుట్ట దిగిండు. డిక్కీల నుంచి మూటలు తీసి ఎప్పటి జాగాల కట్టిండు. మళ్ల ఎక్కించిండు. మోరీ రాకముందే గాలి సెగైంది, బోనెట్ల నుంచి ఆవిర్లు లేచినయి. బండి సల్లారేదాక ఆగి, మూటలు పీకి రోడ్డు పక్కకు ఇసిరేసిండు. కిందికి దిగి మూడోసారి ఎక్కితే... మంచు తీరు గాలి.

"అదే అవ్వ, అదే గుట్ట" అన్నడు మామ. "మారింది మూటలే సేటూ. మొదట్ల చీరల బరువుకు, ఎక్కుడుకు జర మందగించింది, గంతే. గాలి తగలాల్సిన జాలీకి మనమే గొంగడి కప్పినం."

"గుడిసె జోలికి ఎవ్వరూ పోవద్దు" అన్నడు సేటు. మంత్రగాడు కారు దిగి, చెప్పులు చేతుల పట్టుకొని నడిచిపోయిండు.

కథ ఇక్కడ అయిపోతే బాగుండు.

గుడిసె ముందర మామ వెనక తలుపు తీసి, ఈదమ్మను దించనీకి చెంబు అందుకున్నడు. అది అలకగ లేచింది. మూతికి గుడ్డ కట్టినట్టే ఉన్నది, ముడి బిగుతు పోలే. ఇప్పి బ్యాటరీ లైటు కొట్టి చూసిండు. అడుగున సుక్క లేదు. సీటు తడుముకున్నడు... పొడిగున్నది. ముసలామె చీర పొడిగున్నది.

ఈదమ్మ మామ చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

"అరువకు కొడుకా" అన్నది మెల్లగ. "రాయి కాడ పెట్టకపోతిని గద... గిక్కడనే తాగింది."

ముందు సీట్ల సేటు, "ఏమైంది ఐలేశం?" అని అడిగిండు.

"ఏం లేదు సేటూ" అన్నడు మామ.

ఉన్నది ఉన్నట్టు చెప్తే తెల్లారేసరికి ఆ గుడిసె ఉండకపోయేది. అందుకే మా ఇంట్ల తప్ప ఎక్కడా అనలే. మాతోని గూడ ఒట్టు పెట్టిచ్చుకున్నడు. అది జరిగిన నాలుగేండ్లకు, మొన్నటి ఎండలకు ఈదమ్మ పోయింది. ఇగ ఆమెను తరిమేటోళ్లెవరూ లేరు గనుక రాస్తున్న.

ఆ చెంబు ఇప్పుడు మామ దగ్గరున్నది. పొద్దు గూకినంక దూపగుట్ట దిక్కు పోవాల్నంటే దాన్ని నింపి, గుడ్డ కట్టి, వెనక సీట్ల పెట్టుకుంటడు.

రాయి మీద పెట్టనీకి మాత్రం దిగడు. పెట్టే పని ఒక్కనాడు గూడ పడలేదంటడు.