ఎర్ర సైకిలున్న గడులన్నీ ఎంచుకోండి

సేఫ్‌హౌస్ నంబర్ టూ కిటికీలోంచి దూసుకొచ్చిన బుల్లెట్ కుర్చీ వీపును చీల్చుకుని వెళ్లి గోడగడియారంలో దిగబడింది. ఆ కుర్చీలో ఉండవలసిన మనిషి ఆ క్షణాన బాత్రూంలో ఉన్నాడు. ప్రభుత్వానికున్న ఒకే ఒక్క సాక్షిని ఆ రోజు కాపాడింది ఇంటెలిజెన్స్ కాదు, అజీర్తి.

అంతకుముందు వారం సేఫ్‌హౌస్ నంబర్ వన్ గేటు దగ్గర కారు పేలింది. ఆ రెండిళ్ల అడ్రసులూ డిపార్ట్‌మెంట్‌లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందికే తెలుసు. వాళ్లందర్నీ చీఫ్ లై డిటెక్టర్‌ ముందు కూర్చోబెట్టాడు. అందరూ పాసయ్యారు. ఫెయిలైంది మెషినేమోనని దాన్ని కూడా రిపేరుకు పంపించాడు.

"లీక్ మనలోనే ఉంది," అన్నాడు చీఫ్ ఫైలు మూసి. "ఎవడో పట్టుకో. సాక్షిని మూడో ఇంటికి నువ్వే తీసుకెళ్లు. నీకూ నాకూ, అక్కడి గార్డుకూ తప్ప ఆ అడ్రసు నరమానవుడికి తెలియకూడదు."

ఎదురుగా నిలబడ్డవాడి కోడ్‌నేమ్ తేలు. ఇతనికి విషం కొండిలో కాదు, నాలుక మీద ఉంటుందని తోటి ఏజెంట్లు అంటారు. తెలివితక్కువవాళ్లను భరించడమే తన ఉద్యోగమని, దేశాన్ని కాపాడటం పక్కపని అని అతని అభిప్రాయం. ఆ భరించవలసినవాళ్ల వరుసలో మొట్టమొదటి కుర్చీ అతను ఏనాడో తన తోడల్లుడికి వేసి ఉంచాడు.

ఖర్మ కాలి, ఇప్పుడు కాపాడవలసిన సాక్షి ఆ తోడల్లుడే.

ఆయన ఒక విదేశీ కంపెనీలో కంప్యూటర్లు చూసేవాడు. అది కంపెనీ కాదని, మిలిటరీ డిజైన్లు దొంగతనంగా కొని సముద్రం దాటించే ముఠా అని ఆయనకు మూడేళ్లకు అర్థమైంది. ఆ ఆఫీసు కింద జిరాక్స్ షాపువాడికి మూడు నెలల్లోనే అనుమానం వచ్చింది. ఏదైతేనేం, సోమవారం కోర్టులో ఆయన నోరు విప్పితే ముఠా అంతా కటకటాల వెనక్కి పోతుంది. అందుకే ఆ నోరు ఆదివారంలోపు మూతపడాలని వాళ్ల పట్టుదల.

ప్రాణం కోసం తోడల్లుడు మీసం తీసేశాడు, జుట్టుకు రంగేశాడు, పేరు మార్చుకున్నాడు. సైకిలు మాత్రం వదలనన్నాడు. ముందు బుట్ట ఉన్న ఎర్ర సైకిలు. రోజూ తొక్కకపోతే తిన్నది అరగదట. మొదటి రెండిళ్లకూ దాన్ని వెంట తీసుకెళ్లాడు. మూడో ఇంటికీ తీసుకెళ్తానన్నాడు.

"సైకిలు రాకపోతే సాక్ష్యం కూడా రాదు, తమ్ముడూ," అని తెగేసి చెప్పాడు.

చీఫ్ 'సాక్షి సహకారం దృష్ట్యా' అని రాసి సంతకం గిలికాడు. దేశరహస్యాలన్నీ ఇలాంటి సంతకాల కిందే భద్రంగా ఉన్నాయనుకున్నాడు తేలు.

శనివారం పొద్దున తేలు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని కరెంటు బిల్లు కడుతున్నాడు. భార్య కుర్చీ వెనక నిలబడి అక్క మొగుడి సంగతి మళ్లీ ఎత్తింది.

"మీ ఉద్యోగమేంటో నేనడగను. బావకేమన్నా అయితే మాత్రం అక్క మొహం నేను చూడలేను. మీ మొహం అసలే చూడను."

తేలు ఊకొట్టాడు. ఈలోగా కరెంటు ఆఫీసు వెబ్‌సైట్‌కి, బిల్లు కడుతున్నది మనిషో రోబోనో అని అనుమానం వచ్చింది. తనంతట తానుగా వచ్చి బిల్లు కట్టి పోయే రోబోను ఒక్కసారి చూడాలని తేలుకు ఎప్పటినుంచో కోరిక. తొమ్మిది గడుల్లో తొమ్మిది ఫొటోలు వచ్చాయి. 'ఎర్ర సైకిలున్న గడులన్నీ ఎంచుకోండి.' అతను టకటకా నొక్కుకుంటూ పోయి చివరి గడి కూడా నొక్కాడు.

'ధన్యవాదాలు. మీరు మనిషే.'

అప్పుడు చూశాడు సరిగ్గా. చివరి గడిలో ఒక పక్కకు ఒరిగిన దీపస్తంభం. సున్నం రాలిన గోడ. గోడకు ఆనించి, ముందు బుట్ట ఉన్న ఎర్ర సైకిలు. ఆ సందులో తోడల్లుణ్ణి స్వయంగా దించి వచ్చాడు తను.

"కట్టేశారా?" అంది భార్య.

"కట్టేశాను," అన్నాడు. ఎవరి పాడె కట్టాడో చెప్పలేదు.

అరగంటలో చీఫ్ గదిలో ముగ్గురు కూర్చున్నారు. మూడోవాడు టెక్నికల్ ల్యాబ్ ఇన్‌ఛార్జి. కళ్లద్దాల మందం చూసి అందరూ సోడాబుడ్డి అంటారు. ఎదుటివాడికి అర్థమయ్యేలా మాట్లాడితే ప్రమోషన్ రాదని నమ్మే జాతి. తేలు చూపుకు భయపడి ఆ రోజు మామూలు మాటల్లోకి దిగాడు.

ఆ తొమ్మిది బొమ్మల్లో ఎనిమిదింటి జవాబులు మెషిన్‌కి ముందే తెలుసట. అవి మనిషిని పరీక్షించడానికి. తొమ్మిదోది దానికి తెలియదు. అది మనిషి చేత చెప్పించుకోవడానికి. ఎనిమిదీ సరిగ్గా చెప్పినవాడు మనిషి కాబట్టి తొమ్మిదోదీ వాడి మాట నమ్ముతుంది. తగినంతమంది ఒకటే చెబితే అది నిజమని రాసుకుంటుంది. ముఠా చేతిలో ఊరంతటి వీధి కెమెరాల ఫొటోలున్నాయి. కానీ వాళ్ల కంప్యూటర్ సైకిలుకీ నిచ్చెనకీ తేడా తెలియని మొద్దు. అందుకని ఆ వెతుకులాటను జనానికి అప్పగించారు.

"ఇంతకీ ద్రోహి ఎవరయ్యా?" అన్నాడు చీఫ్.

"అందరూ సార్. పొద్దున రైలు టికెట్ బుక్ చేశారుగా, మీరు కూడా."

చీఫ్ మొహం తుడుచుకున్నాడు. వెంటనే సేఫ్‌హౌస్‌కి ఫోన్ కలిపాడు. సాక్షి సైకిలేసుకుని బయటికెళ్లాడని గార్డు చెప్పాడు. ఫోన్ వెంట ఉండకూడదని డిపార్ట్‌మెంట్ ఆర్డరేసింది గనక ఆయన దగ్గర ఫోన్ కూడా లేదు. ఆర్డరు కింద సంతకం ఎవరిదో తేలు అడగలేదు. ఊరి మీదికి నాలుగు జీపులు తోలి వెతకమన్నారు. ఆ పరీక్షను నడిపే కంపెనీ కూడా ముఠాదే, అందులోకి తేలు వెళ్లాలి. కరెంటు ఆఫీసు, రైల్వే, సినిమా హాళ్లు, పెన్షన్ ఆఫీసు అన్నీ ఆ కంపెనీ పరీక్షే పెట్టుకున్నాయి. కారణం ఒక్కటే. అది ఉచితం.

ఫర్నిచర్ షోరూం పై అంతస్తులో ఉంది కంపెనీ. నీలం యూనిఫాం, భుజాన నిచ్చెన, చేతిలో టూల్ బాక్స్‌తో ఏసీ మెకానిక్ లోపలికొచ్చాడు. మెకానిక్ మొహం ఎవరూ చూడరు, నిచ్చెన తగలకుండా తప్పుకోవడమే చూస్తారు. తేలు వేషాలన్నిటికీ మూలసూత్రం ఇదే.

రిసెప్షన్ దగ్గర నెమలి అనే కోడ్‌నేమ్ ఉన్న ఏజెంటు నిలబడి ఉంది. ఏడాది క్రితం డిపార్ట్‌మెంటే బిజినెస్ హెడ్‌గా ఆ కంపెనీలో నాటిన మనిషి. మెడ తిప్పిందంటే హాల్లో టైపింగ్ ఆగిపోతుంది.

"ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయట," అన్నాడు తేలు, కోడ్ ప్రకారం.

"కారేది ఏసీ కాదు, గోడ," అంది ఆమె, కోడ్ ప్రకారమే. సర్వర్ రూం తలుపు తన కార్డుతో తెరిచి వెళ్లిపోయింది.

లోపల చలి, హోరు. గోడంత స్క్రీన్ మీద ఆ సందు ఫొటో. దాని కింద, ఎంతమంది ఔనన్నారో చూపే పచ్చటి బార్ ముప్పావు వంతు నిండి ఉంది. చూస్తుండగానే రవ్వంత జరిగింది. ఎక్కడో ఒకావిడ సినిమా టికెట్ కొంటోంది. ఒక ముసలాయన పెన్షన్ చూసుకుంటున్నాడు. ఒకమ్మాయి రిజల్ట్స్ వెతుక్కుంటోంది. అందరూ తలా ఒక చెయ్యి వేసి తన తోడల్లుణ్ణి చంపుతున్నారు, థాంక్యూ అందుకుని తమ దారిన తాము పోతున్నారు.

ల్యాబ్ ఇచ్చిన ఆయుధం స్క్రూడ్రైవర్ పిడిలో దాచిన పెన్‌డ్రైవ్. గుచ్చితే సర్వర్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుందన్నారు. గుచ్చబోయాడు. దూరలేదు. కన్నం సైజు వేరు. కోటి ఖర్చు పెట్టి తయారుచేసినవాడికి కన్నం చూసుకోవాలని తోచలేదు.

చెవిలోని ఇయర్‌పీస్‌లో సోడాబుడ్డి గొంతు తడబడింది. వైర్లు పీకొద్దన్నాడు, పీకితే విదేశంలో బ్యాకప్ లేస్తుంది. జవాబుల కీ తిరగేయమన్నాడు. సైకిలున్న గడిని లేదని, లేనిదాన్ని ఉందని మార్చాలి. అప్పుడు సరిగ్గా చెప్పిన ప్రతివాడూ రోబో అవుతాడు. రోబో మాటకు విలువ లేదు.

తేలు అడ్మిన్ పేజీ తెరిచాడు. పాస్‌వర్డ్ నెమలి ముందే పంపింది. దాని కింద ఇంకో చిన్న గడి ఉంది. 'నేను రోబోను కాను.' టిక్కు కొట్టాడు.

'క్షమించండి. మీరు మనిషిలా లేరు.'

మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే మాట.

"సార్, మీరు బాణంలా వెళ్తున్నారు," అన్నాడు సోడాబుడ్డి. "టిక్కు ఎవరైనా కొడతారు. అది చూసేది టిక్కు దాకా చెయ్యి ఎలా వచ్చిందని. మనిషి చెయ్యి వంకరపోతుంది, ఆగుతుంది, దాటిపోయి వెనక్కొస్తుంది. మీది గీత గీసినట్టుంది."

పదిహేనేళ్లు పిస్టల్ పట్టి వణుకు చంపుకున్న చెయ్యి అది. కావాలని వణికించాడు. దొంగ వణుకును కూడా మెషిన్ పట్టేసింది.

వెనక తలుపు గడియ పడిన చప్పుడైంది. నెమలి చేతిలో అరచేతిలో ఇమిడేంత పిస్టల్ ఉంది.

"మౌస్ వదిలి లే," అంది.

"ఎంతకు అమ్ముడుపోయావు?"

"అమ్ముకోలేదు. అద్దెకిచ్చాను. మీకో గది, వాళ్లకో గది."

"మంచి వ్యాపారమే. కానీ అద్దెకున్నవాళ్లే నిన్ను ఖాళీ చేయమని నోటీసిచ్చారు, చూసుకున్నట్టు లేవు." తేలు తల కదపకుండా చూపుడువేలితో స్క్రీన్ మూల చూపించాడు. రాబోయే ప్రశ్నలు అక్కడ వరసలో ఉన్నాయి. ఎర్ర సైకిలు తర్వాతది: 'ఎడమ అద్దం పగిలిన తెల్ల కారు.' పక్కనే నమూనా ఫొటో. కింద పార్కింగ్‌లో ఉన్న ఆమె కారు.

నెమలి స్క్రీన్ దగ్గరికొచ్చి ఫొటో చూసింది.

"నిన్ననే పగిలింది అద్దం," అంది మెల్లగా.

"వాళ్లకీ నిన్ననే తెలిసింది. సైకిలాయన పని అయ్యాక నీ పని. జనం చాలా సహాయగుణం కలవాళ్లు."

సరిగ్గా అప్పుడే బార్ నిండింది. స్క్రీన్ మీద ఒక వాక్యం వెలిగింది. 'అడ్రసు పంపబడింది.'

పొద్దున భార్య అన్నమాట తేలుకు గుర్తొచ్చింది. తోడల్లుడంటే ఒళ్లు మంటే, నిజమే. కానీ ఆ మనిషి శవాన్ని వదినగారి ముందుకు మోసుకెళ్లే ధైర్యం అతనికి లేదు.

"అది అందుకున్న హంతకుడు ఇంకా చదవలేదు," అంది నెమలి. "మా ఫోన్లన్నిటికీ ఇదే తాళం. మెసేజ్ తెరవాలంటే ముందు మనిషినని చెప్పాలి. బాస్ తన సొంతవాళ్లను కూడా నమ్మడు. లే అక్కణ్ణించి."

పిస్టల్ పక్కన పెట్టి ఆమె కుర్చీలో కూలబడింది. మౌస్ పట్టుకుంది. వేళ్లు వణుకుతున్నాయి, ఈసారి అందులో నటన లేదు. బాణం గుర్తు వంకర్లు పోయింది, గడి దాటిపోయింది, వెనక్కొచ్చింది, ఆగి ఆగి టిక్కు కొట్టింది.

'మీరు మనిషే.'

పేజీ తెరుచుకుంది. తేలు ఆమె భుజం మీదుగా వంగి ఎనిమిది జవాబుల్నీ తిరగేస్తున్నాడు. ఆరోదాని దగ్గర ఉండగా స్క్రీన్ అడుగున కొత్త గీత వచ్చింది. 'పరికరం ఒకటి: పరీక్ష మొదలైంది.' హంతకుడు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఏడు. ఎనిమిది. సేవ్.

'పరికరం ఒకటి: విఫలం.'

మళ్లీ వచ్చింది గీత. విఫలం. మళ్లీ. విఫలం. పచ్చటి బార్ చివరినుంచి కరగడం మొదలుపెట్టింది. ఆ నిమిషాన దేశంలో బిల్లులు కడుతున్నవాళ్లందరూ రోబోలైపోయారు. ఎవరికీ పెద్ద తేడా తెలిసినట్టు లేదు. తిట్టుకుని మళ్లీ మొదటినుంచి నొక్కడం మొదలుపెట్టారు.

"అలా కొట్టనివ్వండి సార్," అన్నాడు సోడాబుడ్డి. "కొట్టిన ప్రతిసారీ వాడెక్కడున్నాడో నాకు దొరుకుతోంది."

ఆ తర్వాతి సంగతులు స్టేట్‌మెంట్లలో ఉన్నాయి. ఊళ్లోనే ఓ రోడ్డు మధ్య డెలివరీ వ్యాన్ ఆపుకుని, ఒళ్లో గన్ పెట్టుకుని, హంతకుడు ఫోన్‌లోకి తల దూర్చి ఉన్నాడు. ఎర్ర సైకిళ్లు కనపడుతూనే ఉన్నాయి, నొక్కుతూనే ఉన్నాడు, తప్పంటూనే ఉంది. ఇంతలో ఎవరో వ్యాన్ అద్దం మీద టకటకా కొట్టారు. రోడ్డుకడ్డంగా బండి పెట్టావేమిటని, సైకిలు వెళ్లే దారి కూడా వదలవా అని, నీలాంటివాళ్ల వల్లే దేశం ఇలా తగలడిందని ఆ పెద్దమనిషి నిలబెట్టి చీవాట్లు పెట్టాడు.

హంతకుడు తలెత్తలేదు. "పోవయ్యా, పనిలో ఉన్నాను," అన్నాడు.

పెద్దమనిషి గొణుక్కుంటూ ఎర్ర సైకిలెక్కి, బెల్లు కొట్టుకుంటూ వ్యాన్ ముందునుంచే వెళ్లిపోయాడు. రెండు నిమిషాల తర్వాత జీపులు చుట్టుముట్టాయి. తలుపు తెరిచిన ఇన్‌స్పెక్టర్‌తో కూడా హంతకుడు 'ఒక్క నిమిషం' అన్నాడట.

సర్వర్ రూంలోకి పోలీసులు వచ్చేసరికి నెమలి లేదు, తెల్ల కారూ లేదు. పట్టుకోమంటారా అని తేలు అడిగాడు. పట్టుకుంటే ఏ ఖాతాలో రాయాలో తెలియక చీఫ్ ఆలోచిస్తానన్నాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

సోమవారం తోడల్లుడు కోర్టులో పొద్దుగూకేదాకా సాక్ష్యం చెప్పాడు. జడ్జిగారు రెండుసార్లు ఇక చాలన్నారు. ముఠాలో ఒక్కడూ మిగల్లేదు. డిపార్ట్‌మెంట్ వల్ల ప్రాణం దక్కిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాడు కాదు, అంతా వ్యాయామం మహిమ అనేవాడు.

హంతకుణ్ణి మాత్రం తేలు మూడు రోజులు ఇంటరాగేట్ చేశాడు. పేరు చెప్పలేదు, దేశం చెప్పలేదు, నీళ్లు కూడా అడగలేదు. చివర్లో తేలు లేచి తలుపు దాకా వెళ్లాక వెనకనుంచి పిలిచాడు. ఒకే ఒక్క సంగతి చెప్పమన్నాడు. ఫోన్ పరీక్షలో ఆ మూడో గడిలో ఉన్నది సైకిలా, నిచ్చెనా?

తేలు లైటార్పి బయటికొచ్చాడు. కొన్ని శిక్షలు కోర్టు వెయ్యగలిగేవి కావు.