చివరి చుక్క ఎవరు తాగారు?

పోస్టరు మీద నోరంతా తెరిచి అరుస్తున్న గుండు పిల్ల తన అత్తగారేనని పోల్చుకోవడానికి కోడలికి పూర్తిగా ఒక నిమిషం పట్టింది. పెళ్ళయి నాలుగేళ్ళు... ఆ నాలుగేళ్ళలో ఆవిడ గొంతు వంటగది గుమ్మం దాటి వినబడిందే లేదు. అలాంటి మనిషి ముప్పై ఏళ్ళ క్రితం ‘తుప్పు కుళాయి’ అనే పంక్ బ్యాండులో గొంతు చించుకుని పాడేదట! ఆరేళ్ళలో మూడు క్యాసెట్లు, రెండు అరెస్టులు, నిమిషం దాటని పాటలు నలభై. అందులో సగం నీళ్ళ ఆఫీసును తిట్టినవే.

ఇప్పుడు ఆ నీళ్ళ ఆఫీసులోనే ఆవిడ కొడుకు ఇంజినీరు. ఆఫీసు గేటుకి అంటించిన పోస్టరును పీక్కొచ్చి భోజనాల బల్ల మీద పడేశాడు.

“ఇన్నేళ్ళూ నాకొక్క మాట చెప్పలేదు. ఇప్పుడు మళ్ళీ స్టేజీ ఎక్కుతావా అమ్మా? ఆదివారం నువ్వు మా ఆఫీసును తిడతావు. సోమవారం నా ప్రమోషన్ ఇంటర్వ్యూ. ముహూర్తం భలే కుదిరింది.”

“కాలవ అవతలి వీధులకి వారానికి రెండుసార్లే నీళ్ళొస్తున్నాయి నాన్నా,” అందావిడ మెల్లగా.

“నాకు తెలీదా?”

“తెలుసు కాబట్టే అడుగుతున్నా. ఎందుకు రావట్లేదు?”

అతను కుర్చీ వెనక్కి నెట్టాడు. “నువ్వు వెళ్ళావంటే నాకు అమ్మ లేదనుకుంటాను,” అని విసురుగా బయటికి పోయాడు.

ఆవిడ కళ్ళు చెమర్చాయి. పోస్టరును నాలుగు మడతలు పెట్టి, మనవరాలిని ఒళ్ళోకి తీసుకుంది. పాలసీసా ఖాళీ కాగానే ఎప్పటి జోలపాటే అందుకుంది. “ఎవరు తాగారు... ఎవరు తాగారు... చివరి చుక్క ఎవరు తాగారు...”

“ఎందుకు మానేశారత్తయ్యా?” అంది కోడలు.

“మీ ఆయన వల్లే. చంటివాడప్పుడు నేను ప్రాక్టీసు మొదలెడితే చాలు, ఉలిక్కిపడి గుక్కపట్టేవాడు. నా గొంతుకి నా బిడ్డే జడుసుకుంటుంటే తట్టుకోలేకపోయాను... అయినా పాట మానలేదమ్మా. వేగం తగ్గించానంతే.”

ఆ చివరి మాట కోడలికి అర్థం కాలేదు. కానీ ముప్పై ఏళ్ళు బిగపట్టిన ఊపిరి ఆ గొంతులో వినబడింది.

“ఆదివారం ఎన్నింటికి?”

“మూడింటికి. అయిదింటికి మా డ్రమ్మర్ మోకాలికి ఫిజియోథెరపీ ఉంది.”

“నేను తీసుకెళ్తాను. ఆయన సంగతి నాకొదిలేయండి.”

ఆదివారం పాత బస్సు షెడ్డు కిటకిటలాడుతోంది. ఆకుపచ్చ జుట్టు అమ్మాయిలు, మడత కుర్చీలతో వచ్చిన ముసలివాళ్ళు... పాపాయి చెవుల్లో దూది పెట్టి, ఉన్ని టోపీ తొడిగి, కోడలు చివరి వరసలో నిలబడింది. అంతలో గుమ్మంలో భర్త కనిపించాడు! ముఖం మీదికి టోపీ లాక్కుని, తల్లిని దింపేయడానికే అన్నట్టు స్టేజీ వైపు దూసుకుపోతున్నాడు.

డ్రమ్ము మీద నాలుగు దెబ్బలు పడ్డాయి. అత్తయ్య నోరు తెరిచింది.

“ఎవరు తాగారు! ఎవరు తాగారు! చివరి చుక్క ఎవరు తాగారు!”

అయిదొందల గొంతులు బదులిచ్చాయి. భర్త స్టేజీ అంచు దగ్గరే నిలబడిపోయాడు. అది తన జోలపాట! ఆ చుక్క పాలది కాదు, నీళ్ళది. చిన్నప్పుడు తనను నిద్రపుచ్చింది ఆ పిడుగే.

రెండో చరణం దగ్గర అత్తయ్యకి ఊపిరి అందలేదు. పదం జారిపోయింది. డ్రమ్ములు మోగుతూనే ఉన్నాయి... జనానికి గుర్తున్నది పల్లవే. ఆ చరణం షెడ్డులో ఒక్కడికే వచ్చు. మొదటి చరణానికే పడుకునే బిడ్డ కాడు మరి.

“మేడకేమో నిండు తొట్టి! మాకు మిగిలె గిన్నె ఒట్టి!”

టోపీ ఎప్పుడు జారిపోయిందో అతనికే తెలీదు. తల్లి వంగి మైకు కొడుకు నోటి దగ్గర పెట్టింది. ఇద్దరి బుగ్గలూ తడిసిపోయాయి.

పాట అయ్యాక ముగ్గురూ ఒక మూలకి చేరారు. “మరి రేపటి ఇంటర్వ్యూ?” అంది కోడలు, నవ్వాపుకుంటూ.

“వెళ్తాను. వాళ్ళు ప్రశ్నలడిగాక నాదీ ఒకటుంది.” అతను తల్లి చెయ్యి వదల్లేదు. “చివరి చుక్క ఎవరు తాగారని.”

అత్తయ్య వంగి ఉన్ని టోపీ కిందకి తొంగిచూసింది. అంత హోరులోనూ పాపాయి తల్లి భుజం మీద నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది.

“వాళ్ళ నాన్న కంటే నయం,” అందావిడ, బొంగురుపోయిన గొంతుతో. “మొదటి చరణానికే పడుకుంది.”