వెనక్కి జరిపిన సీటు

ఇట్లా దగ్గరికి వచ్చి కూర్చోండి పిల్లలూ, ఆ ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి. మా హేమమాలిని పెళ్ళిచూపుల సంగతి చెబుతాను. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ రోజు మా ఇంటిల్లిపాదికీ ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

హేమ నా కొడుకు నాగరాజన్ కూతురు. నెల్లితోపులో మా వీధిలో ఏ మగాడి పక్కన నిలబడినా ఒక తల పొడుగు. నా కంటికి అది అందమే. దానికి మాత్రం సిగ్గు. బడిలో ఫోటో తీస్తే వెనక వరుసలో మోకాళ్లు వంచి నిలబడేది. పోను పోను వీధిలో నడిచేటప్పుడు కూడా భుజాలు ముడుచుకుని, నేల మీద ఏదో వెతుక్కుంటున్నట్టు నడిచేది.

ఉద్యోగానికి వాళ్ల నాయన కొన్న చిన్న కారులో వెళ్లేది. సీటు చివరిదాకా వెనక్కి జరిపినా మోకాళ్లు స్టీరింగుకు తగిలి కమిలిపోయేవి. ముదలియార్‌పేటలో ఒక మెకానిక్ ఆ సీటును ఇంకో జానెడు వెనక్కి లాగి, కదలకుండా బోల్టులు బిగించేశాడు. కాళ్లకు హాయిగా ఉంది. తల మాత్రం ఇంకా టాపుకు తగిలేది, మెడ వంచే నడిపేది. సీటు ఇక ముందుకు రాదు కాబట్టి ఆ కారు నడపడం మా నాగరాజన్ వల్ల కూడా కాకుండా పోయింది.

ఇంతలో అరియాంకుప్పం నుంచి విమల్ సంబంధం వచ్చింది. అంతకుముందు వచ్చినవాళ్లంతా హేమ నిలబడగానే ముఖాలు మార్చుకుని వెళ్లినవాళ్లే. ఈ అబ్బాయి మాత్రం ఫోటోలోనే దానికి నచ్చాడు. పైకి అనలేదు గానీ, ఫోన్‌లో ఆ ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూసుకోవడం నేను చూశాను. అందుకే వాళ్లమ్మ, మా కోడలు తిలగం ఏం చెప్పినా హేమ తలూపింది.

“వాళ్లు రాకముందే చాప మీద కూచో. కాఫీ మీ అత్త ఇస్తాది. వాళ్లు పొయ్యేదాకా లేవబాక.”

“ఎన్నాళ్లు కూచునేదిమా? పెండ్లిలో కూడా చాపేనా?”

“అప్పటికి తాళి పడిపోయుంటాది గదే!”

తుంపర వానలో వచ్చారు. తల్లి రాజాత్తి, వెనకాల విమల్. కళ్లల్లో నవ్వున్న పిల్లాడు. గుమ్మం దగ్గర షూ విప్పడానికి మాత్రం ఎందుకో చాలాసేపు తటపటాయించాడు.

“మీరు కారు తోలతారంట గదా?” అని అడిగాడు హేమను.

“ఆఁ. చిన్న కారే.”

“నాకు చిన్నవే ఇష్టం.”

“నాకు పెద్దవి,” అనేసి హేమ నాలుక కరుచుకుంది.

అప్పుడే వీధిలో హారన్. నీళ్ల లారీ వచ్చింది, సందులో మా కారు అడ్డం. నాగరాజన్ లేచాడు, సీటు సంగతి గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు. తిలగం ముఖం పాలిపోయింది.

“మీరు ఉండండి మామా, నేను తీస్తా,” అని విమల్ గోడకున్న తాళాలు అందుకుని, కాళ్లకు ఏమీ వేసుకోకుండా వానలోకి పరుగెత్తాడు.

సీట్లో కూర్చున్నాడో లేదో, సీటు వాణ్ణి మింగేసింది. పాదాలు క్లచ్‌కు అందలేదు. కింద చెయ్యి పెట్టి లాగాడు, పిడి కదిలింది గానీ సీటు కదల్లేదు. అంచు మీదికి జారి మునివేళ్లతో తొక్కాడు. కారు కప్పలా ఎగిరి ఆగిపోయింది. మళ్లీ ఎగిరింది, మళ్లీ ఆగింది.

“తంబీ! కింద వేసుకునేదానికి దిండు తెచ్చేదా?” అన్నాడు లారీవాడు. వీధంతా గొల్లుమంది. మేడ మీదివాళ్లు కూడా వంగి చూశారు. విమల్ చెవులు ఎర్రబడ్డాయి. స్టీరింగు పట్టుకుని తల దించేసుకున్నాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అట్లా తల దించుకోవడం నాకు కొత్త కాదు, మా ఇంట్లో రోజూ చూస్తున్నదే.

హేమ లేవబోయింది. తిలగం కొంగు పట్టి లాగింది.

“కూచో! లేస్తే అంతా పోతాది.”

“నన్ను దాచేదానికి ఆయన్ని నగుబాటు చేస్తా ఉండాం, అమ్మా. విడు.”

లేచి నిలబడింది. రాజాత్తి చూపు పైకి పోయింది, ఇంకా పైకి పోయింది. చేతిలో కాఫీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. హేమ ముఖం కందిపోయింది. అయినా గుమ్మం దాటి వెళ్లింది.

“పక్కకు జరగండి. అది నాకోసం బిగించిన సీటు.”

విమల్ తలెత్తి చూశాడు. పక్క సీట్లోకి జరిగాడు. హేమ మెడ వంచుకుని ఎక్కి కారు తీసింది. లారీకి దారిచ్చి పెద్ద వీధి చుట్టి వచ్చేలోపు జరిగింది నాకు తరవాత తనే చెప్పింది.

“పొడుగు తెలిసిపోతాదని నన్ను లేవద్దన్నారు,” అంది.

విమల్ తన ఒట్టి పాదాలు చూపించాడు. “మా అమ్మ లోపల హీలుండే షూ కొనిచ్చింది. మీ గుమ్మంలో ఉండాయి. విప్పేటప్పుడే నా పానం పొయింది.”

“మీరూనా?”

“నేనూనే.”

హేమకు నవ్వాగక కారు పక్కకు ఆపేసిందట.

తిరిగి వచ్చి దిగారు. వాడి పక్కన నడుస్తూ హేమ కారులో వంగినట్టే వంగింది. విమల్ సందు మధ్యలో ఆగాడు.

“కార్లో అంటే సరే. ఈడ పైన టాపు లేదు గదా?”

“ఏంది?”

“నిటారుగా నిలబడండి. నేను మీ భుజం దాకానే వస్తా. రానీండి. చూసేవాళ్లు చూసుకుంటారు.”

హేమ నిలబడింది. వాన ముఖం మీద పడుతుంటే, భుజాలు వెనక్కి విరిచి. నా మనవరాలు ఎంత పొడుగో నేనూ అప్పుడే సరిగ్గా చూశాను.

లోపల అమ్మలిద్దరి పరిస్థితి చూడాలి! తిలగం కొంగులో ముఖం దాచుకుంది. షూ కొన్న రాజాత్తి గోడ మీది క్యాలెండర్‌లోంచి చూపు తియ్యలేదు. ఎవరు ఎవరిని ఏమనగలరు?

“అమ్మా, నాకు ఇష్టం. నేను ఇంతే, ఆమె అంతే,” అన్నాడు విమల్, తడి కాళ్లతో.

“నాకూ,” అంది హేమ.

రాజాత్తి కుంకుమ భరిణె తీసుకుని వచ్చింది. అలవాటుగా హేమ మెడ వంచింది.

“వద్దమ్మా, వంగబాక. తిలగం, ఆ పీట ఇట్ల జరుపు. నేనే ఎక్కుతా.”

తిలగం కళ్లు తుడుచుకుంటూ పీట వేసి, అది జారకుండా రెండు చేతులా పట్టుకుంది. రాజాత్తి దాని మీదికి ఎక్కి, నా మనవరాలి నుదుట బొట్టు పెట్టింది.

దీన్ని మరిచిపోకండి నాయనా. పొడుగని, పొట్టని ముడుచుకుపోయే పిల్ల గానీ పిల్లాడు గానీ మీకు కనబడితే, పక్కన కూర్చోబెట్టుకుని మా హేమ సంగతి చెప్పండి. లారీవాడి మాటలు మీ ఇష్టమొచ్చినట్టు కలుపుకోండి, నేనేమీ అనుకోను. రాజాత్తి పీట ఎక్కిన సంగతి మాత్రం వదిలిపెట్టకండి.